చీర మీద చీర కట్టి విమానమెక్కాను

కె.ఆర్.పురం

కరుణ పెళ్ళి ముందుకు జరిగిందన్న కబురు మొదట నాకు తెచ్చింది మార్తమ్మ. ఆమె ఇక్కడ బెంగళూరు కె.ఆర్.పురంలో మా చర్చి సంఘం మనిషి, నర్సు. ఆమె చెల్లెలు కొవ్వూరులో, మా కరుణ పనిచేసే ఆసుపత్రిలోనే పనిచేస్తుంది. ఆదివారం ఆరాధన ముగిశాక మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే వెనక నుంచి వచ్చి నా మోచేయి పట్టుకుంది.

"అక్కా, నీ చెల్లెలి బిడ్డ పెండ్లి ఈ శనివారమేనంట! నీకు తెలుసునా?"

"ఈస్టరు అయినాక కదా పెట్టుకునింది?"

"పెండ్లికొడుకు నాయనకు ఏదో ఆపరేషను చేయాలన్నారంట. ఈస్టరు ముందు శ్రమదినాలు మొదలైతే మనోళ్ళు పెండ్లి చేయరు కదా, ముందే కానిచ్చేస్తాండారు. నీ ఫోను తగల్లేదని మా చెల్లెలితో చెప్పి పంపినారు."

నాకు కంగారు పుట్టింది. పెళ్ళి దగ్గరపడినందుకు కాదు, పెళ్ళిచీర నా దగ్గర ఉన్నందుకు.

మా ఇంట్లో నాన్న పెట్టిన ఆనవాయితీ ఒకటి ఉంది. ఆడపిల్ల తన తల్లి పెళ్ళినాడు కట్టిన తెల్లచీరనే తన పెళ్ళికి కడుతుంది. కరుణ పాలు తాగే పిల్లగా ఉన్నప్పుడే నా చెల్లెలు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ చీరను నా పెట్టెలో దాచాను. ఆనేకల్‌లో మా నాన్న మగ్గం పక్కన కూర్చుని నేయించిన పట్టు అది. అంచున సన్నటి వెండి జరీ తప్ప ఇంకో రంగు లేదు. ఇన్నేళ్ళకు తెలుపు కాస్త మీగడ రంగుకు తిరిగింది. కరుణ ఊహ తెలిసినప్పటి నుంచి ప్రతి క్రిస్మసుకూ ఫోనులో అదే మాట: "పెద్దమ్మా, అమ్మ చీర బాగుందా? పురుగు పట్టలేదు కదా?" వాళ్ళమ్మ కట్టుకున్న బట్టల్లో మిగిలింది అదొక్కటే.

రైళ్ళన్నీ నిండిపోయాయి. మా వీధిలో సెల్‌ఫోన్ల అంగడి పెట్టుకున్న ఇమ్రాన్ రాజమండ్రికి విమానం టికెట్టు చేసి పెట్టాడు. "బస్సు కంటే కొంచెం ఎక్కువ, అంతే అమ్మా. బేగ పోయి చేరతావు" అన్నాడు. వాడికి దేవుడు మేలు చేయాలి. వాడి మీద నాకు ఏ కోపమూ లేదు.

కోపం అనే మాట రానే వచ్చింది గనుక ముందే చెబుతాను. నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాను. నాన్నే ఇంట్లో ప్రార్థన పుస్తకం ముందు పెట్టి అక్షరాలు దిద్దించాడు. ఆ రోజు పొందిన మేలు ఒకటి పైకి చెబితేగానీ కంచం ముందు కూర్చోనిచ్చేవాడు కాదు. ఆ అలవాటు వల్ల ఎవరినైనా తిట్టాలంటే ముందు వాళ్ళలో మంచి వెతకడం మొదలుపెడతాను, అంతలో కోపం చల్లారిపోతుంది. ఈ ప్రయాణంలో మాత్రం చల్లారలేదు. ఇంటికి వచ్చి వారాలు గడిచినా చల్లారలేదు. విమానం ఎక్కని వాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

విమానాశ్రయం

విమానాశ్రయం మీద నాకు కోపం లేదు. టిన్ ఫ్యాక్టరీ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, హెబ్బాళ దాటి, బస్సు దిగేసరికి ఎదురుగా అంత శుభ్రమైన చోటు! పచ్చని తీగలు పైనుంచి వేలాడుతున్నాయి. నీళ్ళు ఊరికే ఇస్తున్నారు. పాయిఖానాల్లో కాలు పెట్టడానికి మొహమాటపడేంత మెరుపు. స్తోత్రం చెప్పుకున్నాను. రెండు ఇడ్లీల ధర చూశాక మాత్రం స్తోత్రం గొంతులోనే ఆగింది. ఆ డబ్బుకు మా వీధి చివర హోటల్లో చర్చిలో నేను నడిపే ఆదివారపు బడి పిల్లలందరికీ పెట్టించవచ్చు. ఇంట్లో చేసుకొచ్చిన చపాతీ తిన్నాను.

కోపం విమానం కంపెనీ వాళ్ళ మీద. పేరు చెప్పను. ఒకరి పేరు చెబితే మిగతావాళ్ళు మంచివాళ్ళనుకుంటారు.

టికెట్టు కొన్నాక కూడా సీటు కొనుక్కోవాలని మీకు తెలుసా? నాకు తెలియదు. కొనకపోతే వాళ్ళిచ్చిన చోట కూర్చోవాలి, అంటే ఇద్దరి మధ్య. టికెట్టు కాగితం మీద ముద్రించి ఇవ్వాలన్నా డబ్బే. కౌంటర్లో అమ్మాయి తెర వైపు చూస్తూనే నాతో మాట్లాడింది. మా ఊరి బస్సు కండక్టరు తిడితే తిట్టనీ, నా ముఖం చూసి తిడతాడు.

ఇక ఆలస్యం. తెర మీద 'సమయానికే' అని రాసి ఉంది. కిటికీలోంచి చూస్తే విమానం నిలవాల్సిన చోట ఒక నిచ్చెన, ఒక కుక్క. బయలుదేరాల్సిన వేళ దాటిపోయింది, తెర మాత్రం 'సమయానికే' అంటూనే ఉంది. అడిగితే "ఇన్‌కమింగ్ లేటు" అంటారు. ఎంత లేటో చెప్పరు. ఉన్న మాట చెబితే మనిషి ఏ చెట్టు కిందో కూర్చుని ఓర్చుకుంటాడు. అబద్ధం చెప్పి నిలబెడితే ఓర్చుకోవడం ఎలా? అంతలో గేటు మారిందన్నారు. సంచులు ఈడ్చుకుంటూ అందరం మేకల మందలా ఆ చివరికి పరుగెత్తాం.

అక్కడే నాగరత్నమ్మ పరిచయమైంది. మాలూరు దగ్గర పూలతోటలు వేసే రైతు మనిషి. తలనిండా కనకాంబరాలు, చేతిలో గుడ్డసంచి. కొత్త రకం గులాబీ అంట్లు చూడటానికి కడియం నర్సరీలకు పోతోంది.

"ఏమక్కా, నువ్వూ రాజమండ్రికేనా? రా, ఈడ కూచో. ఈ నా కొడుకులు ఇంగ మధ్యాన్నం దాకా కదిలించరు" అంది, ఎన్నాళ్ళుగానో ఎరిగినదానిలా. చిన్న డబ్బా విప్పి పల్లీల చిక్కీ నా చేతిలో పెట్టింది. మాలూరు తెలుగు మా ఇంటి తెలుగే. ప్రాణం లేచొచ్చింది.

గేటు దగ్గర

ఎట్టకేలకు పిలిచారు. వరసలో నా వంతు వచ్చేసరికి, యూనిఫాం వేసుకున్న ఓ అమ్మాయి నా సంచికి ఒక చీటీ కట్టబోయింది.

"అమ్మా, పైన జాగా లేదు. ఈ బ్యాగ్ కిందికి పోవాల. అక్కడ దిగినాక బెల్టు మీద తీసుకోండి."

"ఏమ్మా, మీరు చెప్పిన తూకానికే సర్దుకొచ్చినాను కదా? తూచి చూడు."

"తూకం కరెక్టే. జాగానే లేదు."

జాగా లేనంత మందికి టికెట్లు ఎందుకు అమ్మారో నేను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

"చూడమ్మా, దీంట్లో పెండ్లిచీర ఉండాది. కిందికి వేయను."

"అందరూ ఇదే చెప్తారమ్మా."

"పోనీ చీరొక్కటే తీసి చేతిలో పట్టుకుంటాను."

"ఒక హ్యాండ్‌బ్యాగే అలోడు. ఇంకో ప్యాకెట్ ఉండకూడదు. మీ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టేసుకోండి."

నా చేతిసంచిలో మందులు, కళ్ళజోడు, ఒక సబ్బు బిళ్ళ. పట్టుచీర మడత విరవకుండా అందులో పట్టదు. అంతకు ముందు పండక్కే మార్తమ్మ కొడుకు సంచి ఇలాగే కిందికి పోయి, బెంగళూరులో ఎక్కి ఇంకెక్కడో దిగింది. శనివారం ఉదయం పెళ్ళి. నేను ఆ సంచి వదలనని రెండు చేతులా పట్టుకున్నాను. వెనక జనం గొణగడం మొదలుపెట్టారు. "ఆంటీ, మూవ్" అని ఎవరో అన్నారు. సూపర్‌వైజరంట, ఒకతను వచ్చి, "మేడం, బోర్డింగ్ క్లోజ్ చేస్తాం. మీ ఇష్టం" అన్నాడు. నా వయసులో సగం లేడు. ఆ 'మీ ఇష్టం' అన్న తీరు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"ఏమప్పా, నేనొకటి అడగతా చెప్పు" అంటూ ముందుకొచ్చింది నాగరత్నమ్మ. "ఒంటిమీద ఉండే బట్టలకు కూడా మీ లెక్క ఉండాదా?"

"ఒంటిమీద ఉన్నదానికి లెక్కేముందమ్మా?" అన్నాడతను విసుగ్గా.

"ఆఁ, అట్ల చెప్పు. రా అక్కా!"

నన్ను ఒక స్తంభం వెనక్కు లాక్కుపోయింది. నేను కట్టుకున్న నూలుచీర మీదే, నా చెల్లెలి పెళ్ళిచీర విప్పి చుట్టింది. చీర మీద చీర! కుచ్చెళ్ళు నిలవక ఆమె తన రవికెకున్న పిన్నీసు తీసి పెట్టింది. నా ఒళ్ళు ధాన్యపు గాదెలా అయింది. సిగ్గుతో చెవులు కాలాయి. చెల్లెలు కట్టిన నాటి నుంచి ఆ చీర ఎవరి ఒంటినీ తాకలేదు. మొదటిసారి తాకింది ఇలా, స్తంభం చాటున, ఒక గులాబీల రైతు మోకాళ్ళ మీద కూర్చుని కుచ్చెళ్ళు సర్దుతుండగా.

"బలే ఉండావక్కా! నువ్వే పెండ్లికూతురి మాదిరి ఉండావు" అని ఆమె నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చింది. ఆ ప్రయాణంలో అదే నా చివరి నవ్వు.

చీర తీసేసిన సంచికి చీటీ కట్టి కిందికి పంపారు. నాకు గెలిచానని గర్వం కూడా కలిగింది. ఆ గర్వమే నా పొరపాటు.

గాలిలో

బస్సు ఎక్కించి, విమానం దాకా తీసుకెళ్ళి, తలుపు తీయకుండా ఎండలో నిలబెట్టారు. రెండు చీరల్లో ఉడికిపోయాను. లోపలికి వెళ్ళాక చూస్తే, పైన జాగా లేదన్నారే, నా సీటు మీది అర సగం ఖాళీ! మూత తీసి ఉన్న ఆ ఖాళీని చూసిన క్షణం నుంచీ నేను నా మాట వినడం మానేశాను.

మోకాళ్ళు ముందు సీటుకు గుచ్చుకున్నాయి. వీపు వెనక్కి వాలదు, వాలే ఏర్పాటే లేదట. నీళ్ళు అడిగితే ధర చెప్పింది ఎయిర్‌హోస్టెస్సు. దాహానికి కూడా ధర! మా వైపు ఎండాకాలంలో వీధి వీధికీ కుండలు పెడతారు. ఎవరి కులం, ఏ గుడి అని అడగకుండా పోస్తారు. దాహమన్నవాడి దగ్గర డబ్బు తీసుకుంటే పాపమని నాన్న అనేవాడు.

కిటికీ పక్కన కూర్చున్న అబ్బాయి మడివాళలో పీజీలో ఉంటాడట, ఏదో కంపెనీలో ఉద్యోగం. పొద్దున్నించి తినలేదేమో, వేడినీళ్ళు పోస్తే అటుకుల ఉప్మా అయ్యే కప్పు కొన్నాడు. వాడి ముందున్న బల్ల ఒక వైపు విరిగి, తెల్లని టేపు చుట్టి ఉంది. వాడు కప్పు దాని మీద పెట్టి చెంచా కోసం వంగాడు. బల్ల వాలింది. వేడినీళ్ళు, పసుపు, తాళింపు, అటుకులు మొత్తం నా ఒడిలోకి వచ్చాయి.

పెళ్ళిచీర కొంగు మీదికి.

నేను ఏమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. "కండ్లు లేవా నీకు? పోయి మీ అమ్మ చీర మీద పోసుకో, పో!" అన్నాను. పిల్లవాడి ముఖం తెల్లబోయింది. "సారీ ఆంటీ. డ్రై క్లీనింగ్ చేయించి పంపిస్తా ఆంటీ, అడ్రస్ ఇవ్వండి" అంటూనే ఉన్నాడు. నేను వినలేదు. నడవాకు అటువైపు కూర్చున్న నాగరత్నమ్మ లేచి, "వాణ్ణెందుకక్కా అంటావు? బల్ల ఇరిగింది వాడి తప్పా?" అని కేక వేసింది.

ఎయిర్‌హోస్టెస్సు కాగితపు రుమాళ్ళు తెచ్చింది. "సారీ మేడం. ఈ ట్రే ప్రాబ్లం మాకు తెలుసు. రిపోర్ట్ చేశాం" అంది.

"తెలుసా?"

"రెండు మూడు ట్రిప్పులుగా ఉంది మేడం."

తెలుసు! తెలిసి దాని మీద వేడినీళ్ళు అమ్మారు. పైన జాగా ఉందనీ తెలుసు. విమానం రాలేదనీ తెలుసు. అన్నీ తెలిసినవాళ్ళెవరూ ఆ విమానంలో లేరు. ఉన్నది ఆకలితో ఉన్న ఒక కుర్రాడు, నిద్రలేని ఒక ఎయిర్‌హోస్టెస్సు పిల్ల, రెండు చీరల్లో నేను. మేం ముగ్గురం ఒకళ్ళనొకళ్ళు కరుచుకుంటున్నాం. ఈ కంపెనీలు నడిచేది ఇలాగేనని నాకప్పుడు అర్థమైంది. తిట్టాల్సినవాడు చేతికి అందడు గనుక, అందినవాణ్ణి తిడతాం.

మధురపూడి

రాజమండ్రి విమానాశ్రయం ఉన్న ఊరు మధురపూడి. చిన్న చోటు. పొలాల గాలి వస్తుంది. బెల్టు తిరగడం మొదలవగానే అన్నిటికంటే ముందు వచ్చిన సంచి నాదే. దుమ్ము కూడా అంటలేదు. చీర అందులో ఉండి ఉంటే పువ్వులా వచ్చేది.

ఆ సంచిని చూస్తూ నిలబడిపోయాను. వాళ్ళని నమ్మి ఉంటే చీర బాగుండేది. నమ్మకపోవడం వల్ల పాడైంది. నమ్మకం లేకుండా చేసింది ఎవరు?

పాయిఖానాలోకి వెళ్ళి చీర విప్పాను. మరక అరచేయంత ఉంది, పచ్చగా. ఆత్రంలో నా సబ్బు బిళ్ళ తీసి రుద్దాను. ప్రభువా! పసుపు కాస్తా ఎర్రగా తిరిగింది. రుద్దిన చోటల్లా ఎరుపు, రుద్దని చోట పచ్చ. పసుపుకు సబ్బు తగిలితే ఎరుపెక్కుతుందని వంటింట్లో వెయ్యిసార్లు చూసినదాన్నే. ఆ క్షణంలో తోచలేదు. తడి పిండి, మడిచి, సంచిలో పెట్టాను. నాగరత్నమ్మ నా భుజం తట్టి, "పట్టు ఉండాది, చినగలేదు, అది చాలక్కా" అని చెప్పి కడియం బస్సెక్కింది.

కొవ్వూరు

నా మరిది, అంటే కరుణ నాన్న, కారు పంపాడు. గోదావరి మీద వంతెన దాటుతుంటే కారు అద్దం దించాను. అంత నీరు! మా కె.ఆర్.పురంలో ట్యాంకరు కోసం కొట్లాడుకునేవాళ్ళం, చూస్తే నమ్మబుద్ధి కాదు. మామూలు రోజైతే కారు ఆపించి స్తోత్రం చేసేదాన్ని. ఆ రోజు ఒళ్ళో సంచి పెట్టుకుని ఏడవకుండా కూర్చున్నాను.

వాళ్ళింట్లో అరిటాకు వేసి ఆవ పెట్టిన పనసపొట్టు కూర వడ్డించారు. మేము రాగి ముద్ద, ఆకుకూర ఉడికించిన నీళ్ళతో కాచే బస్సారు తినే మనుషులం. నేను "కూర బలే ఉండాది" అంటే పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. "పెద్దమ్మా, ఇంకోసారి అను!" అంది కరుణ. దాని కళ్ళు నా సంచి మీదే ఉన్నాయి. నేను చెప్పలేకపోయాను. "సాయంత్రం చూద్దువులే" అన్నాను. అదీ నా తప్పే.

సాయంత్రం పెళ్ళిచీర మీద ప్రార్థన. పెళ్ళికొడుకు తల్లి సలోమి గారు, మరికొందరు పెద్దలు వచ్చారు. సలోమి గారు ఎత్తుగా, పొడుగు చేతుల రవికెలో, నవ్వని ముఖంతో ఉండే మనిషి. ఆచారం ప్రకారం చీర మడత విప్పింది ఆవిడే.



"ఇదేంటండి వదినగారూ? పసుపూ కుంకుమానా?"

నిజంగానే అలా ఉంది. కొంగు మీద పచ్చగా, ఎర్రగా, ఎవరో పూజ చేసి బొట్లు పెట్టినట్టే.

"కాదమ్మా, అది..."

"మా ఇంట్లో ఇలాంటివి లేవని సంబంధం ఖాయం చేసుకున్న రోజే చెప్పామండి. పసుపు కొమ్ము కూడా మా పెళ్ళిలో గడప దాటదండి." గొంతు పెంచలేదు ఆవిడ. అందుకే ఇంకా భయమేసింది. "మా అమ్మకి చిన్న వయసులోనే నాన్నగారు పోయారండి. పసుపు కుంకుమలున్న పెళ్ళి ఏదైనా సరే, మా అమ్మని వంటింటి వెనకే కూర్చోబెట్టేవారు. చెల్లెలి పెళ్ళికీ అంతే. సంఘంలోకి వచ్చాకే ఆవిడ పెళ్ళిపందిట్లో ముందు వరసలో కూర్చుందండి. అందుకని మా ఇంట్లో ఏ పెళ్ళికీ అవి పెట్టం. ఆ చీర కడితే ఆ పందిట్లోకి నేను రానండి."

కరుణ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడవలేదు. చీర వంకే చూస్తోంది.

నేను జరిగింది చెప్పడం మొదలుపెట్టాను. సంచి పట్టేంత జాగా లేదన్నారనీ, విడి ప్యాకెట్ కూడదన్నారనీ, ఒంటిమీద ఉంటే ఫరవాలేదన్నారనీ, అందుకని చీర మీద చీర కట్టాననీ, విరిగిన బల్ల మీద వేడినీళ్ళు అమ్మారనీ. చెబుతుంటే నాకే అది కట్టుకథలా వినిపించింది. ఒక పెద్దాయన గొంతు సవరించుకుని, "విమానంలో పసుపేంటండీ బాబూ?" అన్నారు. ఇంకొకావిడ, "చేతిలో పట్టుకోకూడదంట గానీ కట్టుకోవచ్చంటండి!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను పుట్టి బుద్ధెరిగాక అబద్ధం ఆడలేదు. ఆ కంపెనీ నియమాలు ఎలాంటివంటే, ఉన్నదున్నట్టు చెప్పిన నా నోట అబద్ధంలా పలికాయి. నా కోపం అంతటికీ ఇదీ మూలం. నీళ్ళూ, సీటూ, ఆలస్యమూ నేను క్షమించగలను.

సలోమి గారు చీరను కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళింది. జరీ అంచును గోటితో మెల్లగా గీకింది. ఏదో చిన్నది వేలి కొసకు అంటింది. వాసన చూసింది. కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూసింది.

"ఆవగింజ" అంది.



"పసుపు పెట్టేవాళ్ళని చూశాను. కుంకుమ పెట్టేవాళ్ళని చూశాను. తాళింపు పెట్టే ఆచారం మాత్రం ఏ కులంలోనూ లేదు లెండి."

మరిది పక్కున నవ్వాడు. తర్వాత అందరూ. ఆ నవ్వు మధ్యలో కరుణ వచ్చి నన్ను చుట్టుకుని అప్పుడు ఏడ్చింది.

డాబా మీద ఎండ

మర్నాడు పొద్దున్నే, ఇంకా పెళ్ళివంటల పొయ్యి వెలిగించకముందే, సలోమి గారు వచ్చింది. పెళ్ళికొడుకు తల్లి పెళ్ళినాటి పొద్దున ఆడపిల్ల ఇంటికి రావడం ఎక్కడా వినలేదు. "సబ్బు పెట్టకండి ఇంక. మంచినీళ్ళలో జాడించి ఎండకు పట్టండి. పసుపు ఎండకే లొంగుతుందండి" అంటూ డాబా ఎక్కింది. నాకు తెలిసిన సంగతే అది. కానీ నేను చెప్పలేదు. ఆవిడ చెబుతుంటే వినడం బాగుంది.

కొంగు చెరో కొస పట్టుకుని సూర్యుడి వైపు తిరిగి నిలబడ్డాం. చేతులు నొప్పెడితే మార్చుకుంటున్నాం. కింద నుంచి కరుణ మేనత్తలు కాఫీ పంపించారు.

"అంత కోపం దేనికండి వదినగారూ? రాత్రంతా ఆ విమానం వాళ్ళనే తిడుతున్నారంటగా? మీ మరిది చెప్పారు."

"తిట్టకుండా ఎట్లుంటాను? మీరు పెండ్లికి రానని అన్నప్పుడు నా ప్రాణం పోయింది."

"అన్నానండి. నిజంగానే వచ్చేదాన్ని కాదు." కొంగు కొస చేయి మార్చుకుని, "మా అమ్మ ఉంటే నన్ను తిట్టేది. ఇంకొకరి అమ్మ చీరని పక్కన పెట్టించబోయానని" అంది.

ఎరుపు ముందు పోయింది. పచ్చ కాస్త కాస్తగా గంధపు రంగుకు దిగింది. అక్కడితో ఆగింది, ఇక పోలేదు. మేళం వాళ్ళు వచ్చేశారు. చీర తీసుకెళ్ళి కరుణకు కట్టాం. కుచ్చెళ్ళు నేను పెట్టాను, కొంగు సలోమి గారు సర్దింది. మరక ఉన్న మడతను ఆవిడ లోపలికి తిప్పబోయింది.

"వద్దత్తయ్యా, పైకే ఉండనీండి" అంది కరుణ. "అమ్మ దీన్ని కట్టుకోగా నేను చూడలేదు. అమ్మ ముఖం కూడా నాకు గుర్తు లేదు. ఈ మరక చూసి, పెద్దమ్మ దీన్ని ఒంటికి చుట్టుకుని తెచ్చిందనైనా చెప్పుకుంటాను."

మరక భుజం మీద, అందరికీ కనిపించేలా, పందిట్లోకి నడిచింది. ముందు వరసలో సలోమి గారు లేచి నిలబడింది.

తిరిగి వచ్చాక

రైల్లో తిరిగి వచ్చాను. వెయిటింగ్ లిస్టులో, తలుపు పక్కన కూర్చుని. ఒక టీ అమ్మే అతను అడగకుండానే నీళ్ళు ఇచ్చాడు.

ఇంటికి వచ్చాక విమానం కంపెనీకి ఫోను చేశాను. ఒకటి నొక్కు, రెండు నొక్కు అని పాట పాడి పాడి చివరికి ఒక అబ్బాయి దొరికాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"డ్యామేజ్ అయిన ఐటమ్ ఏంటి మేడం?"

"చీర, నాయనా."

"ఎంత వాల్యూ మేడం?"

"మా చెల్లెలి పెండ్లిచీర. ఆమె లేదు ఇప్పుడు."

"ఓకే మేడం. వాల్యూ ఎంత?"

"చెప్పినాను కదప్పా, మా చెల్లెలిది."

"బిల్లు ఉందా మేడం? లేకపోతే పాత వస్తువుకు వాల్యూ రాదు. కానీ మీకు నెక్స్ట్ ఫ్లైట్‌లో సీటు సెలెక్షన్‌కు కూపన్ ఇస్తాం."

థాంక్స్ చెప్పకుండా ఫోను పెట్టేయడం నాకు అలవాటు లేదు. ఆ రోజు పెట్టేశాను. సీటు కూపనట! ఆ అబ్బాయి ఏం చేస్తాడు, వాడి ముందున్న తెర అడిగినదే వాడు అడుగుతాడు. ఖరీదు ఎంత అని అడుగుతుంది, బిల్లు ఉందా అని అడుగుతుంది. ఆ చీర ఎవరిదని మాత్రం ఎవరూ అడగలేదు.

మీరూ అడగలేదు, నేనే చెబుతాను. ఆమె పేరు సుగుణ. కె.ఆర్.పురం రైల్వే క్వార్టర్ల వెనక పుట్టింది, నాకంటే బాగా పాడేది, నవ్వితే కళ్ళు పూర్తిగా మూసుకుపోయేవి, బిడ్డను తనివితీరా ఎత్తుకోకుండానే వెళ్ళిపోయింది. ఇది చదివినవాళ్ళు ఈ రాత్రి మీ మీ దేవుడి ముందు కూర్చున్నప్పుడు, నా కోపాన్ని వదిలేయండి గానీ, సుగుణను ఒక్కసారి తలచుకోండి.